ముప్పై గజాల లైను

మా పేటకు రైలు లేదు. చిలకలూరిపేటలో పుట్టినవాడెవడైనా సరే, నరసరావుపేటకో గుంటూరుకో బస్సులో వేలాడుతూ పోయి రైలెక్కాల్సి వచ్చినప్పుడల్లా ఈ మాట అనుకుని ఎవర్నో ఒకర్ని తిట్టుకుంటాడు. నేనూ తిట్టుకున్నాను. పైగా నేను రైల్వే మనిషిని. ముప్పై ఆరేళ్లు పట్టాల మీద నడిచి నడిచి, రిటైరై, రైలు కూతైనా వినపడని ఊళ్లో ఇల్లు కట్టుకున్నాను. నా తెలివితేటలు ఎలాంటివో చెప్పడానికి మా ఆవిడ చుట్టాలందరికీ ఇదే ఉదాహరణ చెబుతుంది.

అలాంటి పేటకు రైలు తెచ్చినాయన కిందటి నెల కన్నుమూశాడు. ఆయన తెచ్చింది ముప్పై గజాల మేరకే, అదీ తన పెరట్లోకే. అందుకని పేపరువాళ్లు రాయలేదు, ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. నేనైనా రాయాలి కదా. పేరు చెప్పను. చెప్పినా మా వీధిలో సగంమందికి ఎవరో తెలియదు. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేశాడు కాబట్టి ఊరందరికీ ఆయన ఫిట్టరు గారే.

నలభై ఏళ్లు మిల్లులో ఉన్న మనిషికి రెండు అలవాట్లు చచ్చినా పోవు. ఒకటి కేకలేసి మాట్లాడటం. మిల్లు హోరులో మాట వినపడాలి మరి. ఆయన ఇంట్లో ఏ కూర వండుకున్నదీ, ఎవరికి విరేచనాలు పట్టుకున్నదీ మా వీధి మొత్తానికి తెలిసేది. రెండోది ఊదడం. ఎక్కడ కూర్చోబోయినా ముందు వంగి ‘ఉఫ్’మని ఊదేవాడు. మిల్లులో ప్రతి వస్తువు మీదా దూది నూగు పేరుకుంటుంది, అదీ సంగతి. బస్సు సీటుని ఊదేవాడు, బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీని ఊదేవాడు, పెళ్లిపందిట్లో పట్టుగుడ్డ కప్పిన సోఫాని కూడా ఊదేవాడు. మా వరండాలో కుర్చీని మొదటిసారి ఊదినప్పుడు మా ఆవిడకు ఒళ్లు మండింది. “మనిల్లు అంత దుమ్ము కొట్టుకుపోయి ఉందా?” అని ఆయన వెళ్లాక నా మీద పడింది. రెండోసారి ఆయన గేటు తీస్తుండగానే పరుగెత్తి కుర్చీ తడిగుడ్డతో తుడిచింది. ఆయన ఆ తడి మీదే ఊది కూర్చున్నాడు.

మోటారుకు ఏం జబ్బో తెలుసుకోవాలంటే స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. “మనుషులు చెప్పరండీ. ఇనుము చెప్పుద్ది,” అనేవాడు. అరిచి చెప్పేవాడనుకోండి.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూస్తూనే, “రైల్వేలో చేశారంట గదండీ. లైను పాసు చేసిపెట్టాలి,” అన్నాడు.

“ఏ లైను?”

“మా పెరట్లో లైనండీ. నారో గేజీ.”

నేను నవ్వాను. నవ్వేశాక ఆయన మొహం చూసి ఆపుకున్నాను. ఆయన వేళాకోళమాడటం లేదు. ఆయనకొక అక్కయ్య ఉంది. ఆయన కంటే ఎనిమిదేళ్లు పెద్ద. తండ్రి పోయాక ఆవిడే మిర్చి గోడౌన్లలో కూర్చుని కాయల తొడిమలు తీసి, అరచేతులు మంటలెత్తుతుంటే మజ్జిగలో ముంచుకుని, మళ్లీ కూర్చుని తీసి, తమ్ముణ్ణి ఐటీఐ చదివించింది. పెళ్లైన రెండేళ్లకే పుట్టింటికి వచ్చేసింది, మళ్లీ వెళ్లలేదు. ఫిట్టరు గారి భార్య పోయాక, కూతురు ఒంగోలు కాపురానికి వెళ్లాక, ఇంట్లో ఈ ఇద్దరే మిగిలారు. ఆవిడ ప్రాణమంతా పెరట్లోనే ఉండేది. వంగ, బెండ, గోంగూర, ఆ చివర మల్లెపందిరి. పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయిన దగ్గర్నుంచి వెనక వరండాలో కూర్చుని ఆ మల్లెల్ని దూరం నుంచి చూడటమే మిగిలింది. అప్పటికి ఏడాదిన్నర.

“చక్రాల కుర్చీ ఉంటుంది కదండీ,” అన్నాను.

“ఉందండీ. మాది నల్లరేగడి. వానాకాలం చక్రానికి మానెడు మట్టి పట్టి కదలదు. ఎండాకాలం నెర్రెలో దిగబడిద్ది.”

“సిమెంటు బాట పోయిస్తే పోలా?”

“పోయించానండీ. ఏడాది తిరక్కుండానే ఆ నేల దాన్ని మూడు ముక్కలు చేసింది. పట్టాలైతే కుంగిన చోట లేపి మళ్లీ సరిచేసుకోవచ్చు. పైగా మా అక్క ఇంతవరకూ రైలెక్కలేదండీ. పేటకు రైలెక్కడిది?”

సరే, మరి పాసెందుకు, మీ పెరడు మీ ఇష్టం కదా అంటే ఒప్పుకోలేదు. మిల్లులో కొత్త మోటారు పెడితే కరెంటువాళ్లు వచ్చి చూసి కాయితం మీద సంతకం పెడితేనే స్విచ్చి వేసేవాళ్లట. అది దూది తోలే మోటారు. ఇది మనిషిని ఎక్కించే బండి. “మీరు చూసి కాయితం ఇచ్చేదాకా మా అక్కని ఎక్కించనండీ, ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను ఇన్‌స్పెక్టర్ని కాను. కీమ్యాన్ని. సుత్తీ పానా భుజాన వేసుకుని, రోజూ తెల్లారగట్ట నా వంతు లైను పొడవునా నడిచి, వదులైన ప్రతి బిగింపునూ కొట్టి బిగించేవాణ్ణి. ఇన్‌స్పెక్టర్లు తోపుడు ట్రాలీ మీద గొడుగు కింద కూర్చుని వచ్చేవాళ్లు. నేను పక్కకు తప్పుకుని సలాం కొట్టేవాణ్ణి. దాదాపు అందరూ నన్ను ఏరా అనే పిలిచారు. ముప్పై ఆరేళ్లలో ‘గారు’ అన్నవాడు ఒక్కడూ లేడు. పోనీ నారో గేజీ గురించి తెలుసా అంటే, నా సర్వీసు మీటరు గేజీలో మొదలై బ్రాడ్ గేజీలో ముగిసింది. ఈ రెండు సంగతులూ ఆయనకు చెప్పలేదు. “రేపు పొద్దున వస్తాను,” అన్నాను, కొంచెం గొంతు బరువు చేసి.

వెళ్లి చూద్దును కదా, మతిపోయింది. మిల్లులో బేళ్లు తోసే పాత ట్రాలీ లైను పీకేస్తే, ఆ పట్టాలు ఇనుప కొట్లో కొని తెచ్చాడు. రెండు పట్టాల మధ్య పదిహేను అంగుళాలు. వెనక వరండా అంచున మొదలై, మునగచెట్టును చుట్టుకుని, మల్లెపందిరి దాకా వెళుతోంది. చక్రాలు మిల్లు పుల్లీలు లేతు మీద తరిగి చేసినవి. ఇంజను మాత్రం ఏదో పాత క్యాలెండర్లో కొండ రైలు బొమ్మ చూసి, రేకు కత్తిరించి, అచ్చం దానిలాగే చేశాడు. పొగగొట్టం, కుంభంలాంటి గుండ్రటి ముందుభాగం, ఇత్తడి గంట, అన్నీ ఉన్నాయి. లోపల ఉన్నది బ్యాటరీ రిక్షా మోటారు. దాని వెనక చేతులున్న కుర్చీ బిగించిన ఒకే ఒక్క పెట్టె. ఆకుపచ్చ రంగు. పెట్టె మీద తెల్లటి అక్షరాలతో ‘పేట’ అని రాసి ఉంది.

నాకు కుర్చీ తెచ్చి వేసి, దాన్ని తానే వంగి ఊది, “కూర్చోండి ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాడు. అక్కయ్య గారు వరండాలోంచి నన్ను చూపిస్తూ, “తమ్ముడికి మజ్జిగియ్యరా,” అని కేకేసింది. ఆ కుర్చీలో కూర్చుంటే నాకు ఎలా ఉందో ఏం చెప్పను. గొడుగొక్కటే తక్కువ.

నిజంగానే ఆ రోజు లైను పాసు చేసేలా లేదు. స్లీపర్ల కింద కంకర లేదు. ఏముందా అని వేలు పెట్టి చూస్తే దూది! మిల్లులో మోటారు కుదుపు తెలియకుండా కింద దూది మెత్త వేస్తారట. ఆ అలవాటుకొద్దీ జిన్నింగు చెత్తదూది తెచ్చి, కొట్టి కొట్టి, ప్రతి చెక్క కిందా పరుపులాగా పరిచాడు. “అక్కకి కుదుపు తగలకూడదండీ,” అన్నాడు.

“ఫిట్టరు గారూ, వాన పడనివ్వండి, అప్పుడు చూద్దాం,” అన్నాను.

వాన పడింది. వారం తర్వాత వెళ్తే పట్టాలు ఒకచోట మూరెడు లేచి, ఒకచోట దిగి, తిరనాళ్లలో తాగినవాడి నడకలాగా ఉన్నాయి. అంతకంటే విచిత్రం, లైను పొడవునా రెండు పట్టాల మధ్య పచ్చగా మొక్కలు మొలిచాయి. చెత్తదూదిలో మిగిలిన గింజలు. నా సర్వీసులో పట్టాల మధ్య గడ్డి చూశాను, తుమ్మ చూశాను, పత్తిచేను చూడటం అదే మొదలు. వరండాలో అక్కయ్య గారు కడుపు పట్టుకుని నవ్వుతోంది. “ఒరేయ్, రైలేస్తానని చెప్పి పత్తేశావేందిరా! పురుగుమందు కూడా కొట్టిస్తావా?”

ఆయన నవ్వలేదు. చిన్నబుచ్చుకోనూ లేదు. తుండుగుడ్డ తలకు చుట్టుకుని, “ఎంత లోతు తియ్యాలండీ?” అని అడిగాడు. రెండడుగులు నల్లమట్టి తీసి, ఇసుక పోసి తడిపి, దాని మీద కంకర వెయ్యాలని చెప్పాను. అరవై దాటిన మనిషి. కూలీలను పెట్టుకోమంటే, “కూలోడు గజం తవ్వి రెండు గజాలంటాడండీ,” అన్నాడు. ముప్పై గజాలూ తానొక్కడే గడ్డపార వేసి తవ్వాడు. మొలిచిన పత్తి మొక్కల్ని పారెయ్యనివ్వలేదు ఆవిడ. వాటినీ పీకి గోడ పక్కన నాటాడు.

ఆ పని అయ్యేసరికి కొత్త మిర్చి కోతలకొచ్చింది. రెండో తనిఖీకి బరువు వేసి నడిపి చూపించమన్నాను. పక్కింటి రైతు దగ్గర రెండు మిర్చి టిక్కీలు బదులు తెచ్చాడు. టిక్కీ అంటే ఇక్కడ మిరపకాయల బస్తా. “మా అక్క టిక్కీన్నర ఉంటదండీ. రెండేస్తే సరిపోయిద్ది,” అని వీధంతా వినపడేలా అరిచాడు. “నీ నోరు పడిపోను,” అంది ఆవిడ. బండి కదిలింది, గంట మోగింది, మునగచెట్టు మలుపు దాకా దర్జాగా వెళ్లి అక్కడ పక్కకు ఒరిగిపోయింది. ఒక టిక్కీ పిగిలి కాయలన్నీ నేలపాలు. ముగ్గురం కళ్లనీళ్లు పెట్టుకుని తుమ్మీ దగ్గీ చచ్చాం. మలుపులో బయటి పట్టా కొంచెం ఎత్తు ఉండాలి. ఆ ముక్క నేనే ముందు చెప్పి ఉండాల్సింది. తప్పు సగం నాది. ఆయన ఆ మాట అనలేదు. “అట్టాగేనండి ఇన్‌స్పెక్టర్ గారూ,” అని మలుపు విప్పాడు.

ఇక మూడోసారి సంగతి. ఇది రాయడానికే ఇంతసేపూ తాత్సారం చేశాను.

ఆ రోజు పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ, “ఇవాళ పాసు చేసేస్తావుగా. రేపట్నుంచి ఇంట్లోనే పడుంటావు కాబట్టి మందులన్నా వేళకు మింగు,” అంది. ఆ మాట నాలో ముల్లులా దిగింది. నిజమే కదా. కాయితం మీద సంతకం పెట్టాక నాకు కుర్చీ ఎవరు వేస్తారు? ఎవరు ఊదుతారు? ఇన్‌స్పెక్టర్ గారూ అని ఎవరు పిలుస్తారు?

సుత్తితో ప్రతి అతుకూ కొట్టి చూశాను. ఒక్కటీ బొంగురు మోత లేదు. రసమట్టం బద్ద పట్టాల మీద అడ్డంగా పెట్టుకుంటూ నడిచాను. మలుపులో ఉండాల్సిన వాలు తప్ప, దానిలోని బుడగ మధ్య గీత దాటి జరగలేదు. నేలమీద పడుకుని పట్టా వెంట ఒక కన్నేసి చూశాను. నూలు పట్టి గీసినట్టుంది. మా గ్యాంగు పదిమంది వేసినా అంత బాగా వెయ్యలేరు.

లేచి మట్టి దులుపుకుని, “మధ్యలో ఎనిమిది గజాలు దిగిందండీ. తియ్యాలి,” అన్నాను.

ఆయన రసమట్టం వంక చూశాడు. అది ఇంకా పట్టాల మీదే ఉంది. తర్వాత నా వంక చూశాడు. వరండాలో అక్కయ్య గారు ఆ రోజుకని ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉంది. ఆవిడ వైపు ఇద్దరం చూడలేదు.

“మీరు తియ్యమంటే తియ్యాల్సిందేనండీ,” అన్నాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చాక మళ్లీ వెళ్లి తప్పయిందని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆ ఆదివారం చర్చిలో కూర్చున్నా నా చెవుల్లో గడ్డపార చప్పుడే. పాస్టరు గారు ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తులేదు. మొత్తానికి తొమ్మిది రోజుల తర్వాత కబురొచ్చింది. వెళ్లి, చూడాల్సినదంతా చూసి, ఆయన సిద్ధంగా పెట్టిన తెల్లకాయితం మీద ‘ఈ లైను మనుషుల ప్రయాణానికి పనికివస్తుంది’ అని రాసి సంతకం పెట్టాను. జీవితంలో ఒక కాయితానికి నేను పైవాణ్ణై సంతకం పెట్టడం అదొక్కటే. ఆయన దాన్ని అద్దం కట్టించి వరండాలో తగిలించాడు.

అక్కయ్య గారిని ఎత్తి కూర్చోబెట్టాడు. ఆవిడ రెండు చేతులా కుర్చీ పట్టుకుని, “మెల్లగా పోనీరా, ఒరేయ్, మెల్లగా,” అంటూనే ఉంది. మనిషి నడిచినంత వేగం కూడా లేదు. మునగచెట్టు మలుపులో కళ్లు గట్టిగా మూసుకుంది. పందిరి కింద బండి ఆగాక తెరిచింది. చెయ్యెత్తి ఒక మొగ్గ అందుకుంది, తుంచలేదు, అలా పట్టుకునే ఉండిపోయింది. చాలాసేపటికి, “పాదులు గట్టిపడిపోయినయ్. గుల్ల చెయ్యలేదేందిరా?” అని తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. తిడుతున్నంతసేపూ ఆవిడ బుగ్గల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తిట్లన్నీ ఎంత సంతోషంగా విన్నాడో!

నా పని అయిపోయిందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా గేటు దగ్గర కేక. “ఏవండీ ఇన్‌స్పెక్టర్ గారూ! లైను చూడకుండా బండెట్టా తియ్యమంటారు?” ఆ రోజు మొదలు రెండేళ్లు, ఒక్క పూట మానకుండా, సుత్తి పట్టుకుని వెళ్లాను. ఆదివారం మాత్రం చర్చి అయ్యాక. ముప్పై గజాలూ నడిచి, కొట్టి చూసి, ‘రైట్’ అన్నాకే బండి కదిలేది. ఒకరోజు ఉండబట్టలేక, నేను ఇన్‌స్పెక్టర్ని కాదు, కీమ్యాన్ని అని చెప్పేశాను. “తెలుసండీ,” అన్నాడాయన, చక్రానికి నూనె వేస్తూ. తర్వాత కూడా ఇన్‌స్పెక్టర్ గారూ అనే పిలిచాడు.

కిందటి నెల ఒక పొద్దున ఆయన బ్యాటరీ చార్జింగు తీసి, బండి తుడిచి, వరండా మెట్టు మీద కూర్చోబోయి ఊదాడట. లోపల్నుంచి అక్కయ్య గారికి ఊదిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. నేను సుత్తి పట్టుకుని వెళ్లేసరికి అలా స్తంభానికి ఆనుకునే ఉన్నాడు.

పెద్దకర్మ అయ్యాక కూతురు మేనత్తను ఒంగోలు తీసుకుపోతానని పట్టుబట్టింది. “అక్కడ లైను లేదుగా,” అని ఆవిడ కదల్లేదు. తోడుకి ఒకమ్మాయిని పెట్టి కూతురు వెళ్లింది. మూడో రోజు అక్కయ్య గారు నాకు కబురు చేసింది.

“బండి తియ్యి తమ్ముడూ. మల్లెలకి నీళ్లు లేవు,” అంది.

లైను పొడవునా నడిచాను. నడుస్తున్నానన్నమాటే కానీ కళ్లకు ఏమీ ఆనలేదు. ఆ కంకర, ఆ ఇసుక, ఆ చెక్కలు, అన్నిటి మీదా ఆయన చెయ్యే. వెనక్కి వచ్చి, “బాగుందండీ, ఎక్కండి,” అన్నాను.

“నిజంగానేనా?” అంది ఆవిడ.

నాకు రోషం వచ్చింది. “ముప్పై ఆరేళ్ల సర్వీసు అక్కయ్య గారూ!”

“ఆ మూడోసారి ఎనిమిది గజాలు దిగిందన్నావు. అప్పుడు బానే ఉంది గదా?”

నేను సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

“నువ్వు గేటు దాటగానే మావాడు మళ్లీ బద్ద పెట్టి చూసుకున్నాడు. చూసి నవ్వాడు. బాగుంటే మరెందుకురా తవ్వుతున్నావ్ అన్నా. ‘ఆయనకింకో నాలుగు రోజులు మనింటికి రావాలనుందే అక్కా, రానీ’ అన్నాడు. తొమ్మిది రోజులు తవ్వాడు, ఆ ఎండలో.”

డెబ్బై ఏళ్ల వయసులో, చేతిలో సుత్తితో, ఆ పెరట్లో నిలబడి సిగ్గుతో ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది. నేను కాస్త తెరిపిన పడ్డాక, “వాడు ఇష్టంగానే తవ్వాడులే, నువ్వేం బాధపడమాక,” అంది. “ఇకనించి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు తమ్ముడూ. తవ్వేవాడు లేడు.”

కండువాతో మొహం తుడుచుకుని మళ్లీ మొదటి చెక్క దగ్గరికి వెళ్లాను. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే కొట్టి చూసుకుంటూ వెళ్లాను. మలుపు దాటాక ఒక బోల్టు వదులై ఉంది. ఇందాక దాని మీదుగానే నడిచిపోయాను.

“అక్కయ్య గారూ, ఇక్కడొకటి వదులైందండీ,” అని చెప్పాను.

“బిగించుకో. నేను కూర్చునుంటా,” అంది.